పది గంటల దాకా వీరనారి

మా ఊరి పెద్దల తెలివి మీద నాకు కాస్త అనుమానం ఉండేది. మొన్న పిండిమర ప్రారంభోత్సవం చూశాక అదీ పోయింది.

మర మా ఊరి సైనికుడి భార్యది. స్థలం ఆవిడది, బ్యాంకు అప్పు ఆవిడ పేరునే. మోటారు బేరమాడి తెచ్చిందీ, త్రీఫేజ్ కరెంటు కోసం నెలల తరబడి తిరిగిందీ ఆవిడే. భర్త సరిహద్దులో ప్రాణం వదిలి నాలుగేళ్లయింది. అన్నీ కుదిరాయి, దీపం ఎవరు వెలిగించాలన్న దగ్గర ఊరు ఆగిపోయింది. "శుభమా అని మర పెడుతున్నాం, ఎవరైనా ముత్తయిదువ చేత వెలిగిద్దాం. నువ్వు కాస్త లోపలుండమ్మా" అన్నారొక పెద్దాయన, ఎంతో ఆప్యాయంగా. లోపలంటే గోనె సంచుల వెనక.

అలా యజమానురాలిని సంచుల వెనక భద్రపరిచాక, అతిథిగారు మైకందుకుని వీరనారి, అంటే ప్రాణమిచ్చిన సైనికుడి భార్య, గొప్పదనం మీద పావుగంట మాట్లాడారు. మధ్యలో ఝాన్సీ లక్ష్మీబాయి కూడా వచ్చిపోయింది. 1853లో భర్త పోయిన తర్వాతే కదండీ ఆవిడ యుద్ధం చేసింది! అదృష్టవంతురాలు, మా ఊళ్లో పుట్టలేదు. పుట్టి ఉంటే కత్తికి ముత్తయిదువ చేత బొట్టు పెట్టించి, గుర్రం మీద మరిదిని ఎక్కించి, రాణిగారిని కాస్త లోపలుండమనేవాళ్లు. ఇంతలో "వారిని వేదిక మీదకు పిలవండి" అన్నారు అతిథిగారు. ఎవరూ కదల్లేదు. ఆయన శాలువా పట్టుకుని అటూ ఇటూ చూసి, చివరికి మరిదికే కప్పారు. అతగాడు కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. ఆగస్టు 15న పొద్దున్నే ఇదే ఊరు ఆవిడను ముందు కుర్చీలో కూర్చోబెడుతుంది. దండేసి, పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంది. పది గంటలకు పప్పుబెళ్లాలు పంచడం అయిపోతుంది. పదీ అయిదుకి ఆవిడ ఇంటికి నడిచి వెళుతుంటే, పని మీద బయల్దేరిన పెద్దమనిషి ఎదురొచ్చిందని వెనక్కి తిరిగి, అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి మరీ కదులుతాడు. ఆ అయిదు నిమిషాల్లో మనిషిలో ఏం మారిపోతుందో ఎవరైనా పరిశోధన చేయాలి. మళ్లీ జనవరి 26 దాకా ఆవిడ అపశకునమే.

ఊరిని మాత్రమే అనడం అన్యాయం. శౌర్య పతకం పొందిన సైనికుడు పోతే, పతకంతో వచ్చే నెలవారీ భత్యం భార్యకు అందుతుంది. ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది, చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే మాత్రం ఆగేది కాదు. రక్షణ శాఖ ఆ షరతు తీసేసింది 2017 నవంబర్‌లో. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. సర్కారు కాస్త నిదానంగా నడుస్తుంది, అంతే.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఈవిడ ఇంట్లో పెద్దకర్మ భోజనాల విస్తళ్లు లేవకముందే పెన్షన్ పుస్తకం ఎవరి దగ్గరుండాలో తేల్చారు. ఏడాది తిరక్కుండా, "బయటివాడెందుకు, మా చిన్నోడే ఉన్నాడుగా, డబ్బు ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. ఆవిడ కుదరదంది. మరిదికి పెళ్లాంగా వచ్చేటప్పుడు అడ్డురాని అమంగళం దీపం దగ్గర ఎక్కణ్ణుంచి ఊడిపడిందయ్యా? ఆయన ప్రాణం కావాలి మీకు, ఆ ప్రాణం ఖరీదు కావాలి, చెప్పుకోవడానికి ఆయన పేరు కావాలి. ఆయన కట్టుకున్న మనిషి మాత్రం గోనె సంచుల వెనక ఉండాలా? సిగ్గుండాలి!

సరే, మర సంగతి. మొదటి మూడు రోజులు బోణీ లేదు. ఆవిడ చేతి బోణీ ఎవరిక్కావాలి? నాలుగో రోజు నుంచి చీకటి పడ్డాక పిల్లల చేత గోధుమలు, మిరపకాయలు పంపడం మొదలుపెట్టారు. పిండికి శకునం అంటదు కాబోలు.

నిన్న రాత్రి, లోపలుండమన్న పెద్దాయనే సంచి చంకన పెట్టుకుని స్వయంగా వచ్చారు. కూతురి పెళ్లి. అయిదు కిలోల పసుపుకొమ్ములు. "కాస్త మెత్తగా ఆడించమ్మా. నీ దగ్గర ఆడించానని ఎవరితోనూ అనకు. డబ్బులు పెళ్లయ్యాక ఇస్తాలే" అన్నారు.

ఆవిడ గోడ మీది బోర్డు చూపించింది. అప్పు రేపు.