సముద్రపు గాలి సెయింట్ బెర్నార్డ్‌ని కాపాడదు

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, కాలేజీ గ్రూపులో రెండుసార్లు, నిన్న మా పిన్ని దగ్గర్నుంచి కూడా అదే ఫార్వర్డ్. సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క మెడలో బ్రాందీ పీపాతో మంచులో మనుషుల్ని కాపాడేదట. బారీ అనే కుక్క నలభై మందిని కాపాడి, నలభై ఒకటో వాడి చేతిలో చచ్చిపోయిందట. వైజాగ్‌లో సముద్రపు గాలి ఉంది కాబట్టి ఏసీ లేకుండానే ఫ్లాట్‌లో పెంచుకోవచ్చట, బొచ్చు మాత్రం గొరిగించకూడదట.

పీపా 1820లో లాండ్‌సీర్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు వేసిన బొమ్మలోంచి వచ్చింది. చలికి కొయ్యబారిన మనిషికి బ్రాందీ పోస్తే ఒంట్లో మిగిలిన కాస్త వేడీ పోతుంది. బారీని ఎవరూ చంపలేదు, 1814లో బెర్న్ నగరంలో ముసలిదై చనిపోయింది. నలభై మంది లెక్క మాత్రం చాలాకాలంగా చెప్పుకునేదే, దాని జోలికి నేను పోను.

నాకు ఒళ్లు మండేది ఆ సముద్రపు గాలి మాట దగ్గరే. ఆ కుక్కలు పుట్టి పెరిగిన మఠం స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో, దాదాపు 2,469 మీటర్ల ఎత్తున, మంచు కనుమలో ఉంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితే ఆ తడి ఆరి ఒళ్లు చల్లబడాలి. మరి మన ఉక్కపోతలో, తాడు మీద బట్టలే ఆరని చోట, నాలుక మీద తడి ఎలా ఆరుతుంది? రెంటచింతలలా ఇక్కడ 45 డిగ్రీలు రావు కదా అంటారు. ఇక్కడ అంత ఎండ అక్కర్లేదు, గాలిలో తేమే చాలు. పైగా బారీ బరువు 40–45 కిలోలే, ఇప్పటివి 70 దాటుతున్నాయి, ఒళ్లు పెరిగేకొద్దీ వేడి బయటికి పోవడం ఇంకా కష్టం. మే నెలలో ఒక గంట కరెంటు పోతే దాని గతి ఏంటో ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారైనా ఆలోచించారా? ఇది లైకుల కోసం పంపుకునే విషయం కాదు, ఒక ప్రాణం.

బొచ్చు గొరిగించొద్దన్నది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా. గొరిగితే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. వారానికి రెండుమూడుసార్లు బాగా దువ్వి, రాలిన మెత్తటి లోపలి బొచ్చు తీసేయాలి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే, బీచ్ రోడ్డు వాకింగ్ తెల్లవారకముందే ముగించండి. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే ఒంటి మీద నీళ్లు పోసి, ఫ్యాన్ పెట్టి, అలాగే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.