లక్ష దాటిన సూచీ గారికి

బీఎస్‌ఈ ఎస్‌ఎంఈ ఐపీఓ సూచీ గారి సముఖమునకు, దరఖాస్తుదారులు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. బీఎస్‌ఈ స్టాక్ ఎక్స్ఛేంజీలో తొలిసారి జనానికి షేర్లమ్మిన (ఐపీఓ) చిన్న, మధ్యతరహా కంపెనీల (ఎస్‌ఎంఈ) షేర్ల ధరలను కలిపి కొలిచే అంకె తమరు. 1978-79లో వంద దగ్గర బయలుదేరిన మీ పెద్దాయన సెన్సెక్స్, 2024 జూలైకి గానీ 80 వేలు చూడలేదు. తమరు 2012 ఆగస్టులో అదే వందతో మొదలై 2024లోనే లక్ష దాటేశారు. పన్నెండేళ్లలో వెయ్యింతలు! ఆ వెయ్యింతలు ఎవరి డీమ్యాట్ ఖాతాలో పడ్డాయో తెలిస్తే వెళ్లి దండ వేసి వస్తాం.

2024 ఆగస్టు సంగతే తీసుకుందాం. ఢిల్లీలో రెండు యమహా షోరూములు, ఎనిమిది మంది ఉద్యోగులు ఉన్న రిసోర్స్‌ఫుల్ ఆటోమొబైల్ షేర్లమ్మి సుమారు 12 కోట్లు సేకరించడానికి జనం ముందుకొచ్చింది. 4,800 కోట్ల దాకా బిడ్లు పడ్డాయి. లాటు, అంటే విడదీయకుండా కొనాల్సిన, అమ్మాల్సిన కట్ట, 1,200 షేర్లు; షేరు ధర 117. అంటే ఒక్కో దరఖాస్తుకు 1,40,400 రూపాయలు బ్యాంకులో బ్లాక్, వాడుకోవడానికి వీల్లేదు. నాలుగు వందల రెట్లు బిడ్లు వచ్చిన చోట లాటు దక్కేది లాటరీలోనే. దక్కినవాళ్లకు మార్కెట్ తెరుచుకోగానే లాభమూ లేదు. షేరు 117 దగ్గరే తెరుచుకుంది.

లాభం వచ్చే సందర్భంలో అంకెలు ఎలా నడుస్తాయో కూడా మీకు తెలియనిది కాదు. మీ పొరుగు ఎక్స్ఛేంజీ ఎన్‌ఎస్‌ఈ వారు 2024 జూలైలో ఒక అడ్డుకట్ట వేశారు: ఎస్‌ఎంఈ షేరు మొదటి రోజు ప్రారంభ ధర, కంపెనీ అమ్మిన ధర (ఇష్యూ ధర) మీద 90 శాతం కంటే ఎక్కువ పెరగరాదు. వంద రూపాయల షేరు 190 దగ్గర తెరుచుకుంటుంది, ఆపైన 5 శాతం అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు పెరగగల హద్దు, 199.50. ఆ రోజు మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపుల్లో 'డబుల్' అని పండగ. కొనాలనుకునేవాళ్ల వరుస బారెడు, అమ్మేవాడు ఒక్కడూ ఉండడు.

దిగేటప్పుడు అదే 5 శాతం తాడు మెడకు చుట్టుకుంటుంది. ఐదు రోజులు వరుసగా లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకు పడగల హద్దు) తగిలితే వంద 77 అవుతుంది, పది రోజులైతే 60. అమ్ముదామంటే కొనేవాడు లేడు. అత్యవసరానికి వంద షేర్లు అమ్ముకునే వెసులుబాటూ లేదు, లాటు మొత్తం వదలాల్సిందే. షేరు చేతులు మారేలా చూసే బ్రోకరు, మార్కెట్ మేకర్, రోజులో 75 శాతం సమయం కొనుగోలు, అమ్మకం రెండు ధరలూ చూపించాలని నిబంధన. చూపిస్తాడు, ఏ ధరకన్నది ఆయన దయ. తమరేమో చివరిసారి చేతులు మారిన ధరనే పట్టుకుని లెక్క కడతారు. ఆ ధరకు ఇప్పుడు ఎవరూ కొనరన్న సంగతి మీ అంకెలో ఎక్కడా కనపడదు.

ట్రాఫిక్‌సోల్ అనే కంపెనీ వ్యవహారం మరీ ముచ్చట. ఇష్యూ 44.87 కోట్లు. అందులో 17.70 కోట్లు సాఫ్ట్‌వేర్ కొనడానికన్నారు. ఆ అమ్మే సంస్థ ఉత్తుత్తిదని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తేల్చి, 2024 డిసెంబరులో డబ్బు వెనక్కివ్వమంది. ఎస్‌ఎంఈ ఇష్యూల్లో ప్రాస్పెక్టస్‌ను (కంపెనీ వివరాల పత్రాన్ని) పరిశీలించేది సెబీ కాదు, ఎక్స్ఛేంజే. కాబట్టి 'ఇష్యూ ఉద్దేశాలు' పేజీ తిప్పి, కొటేషన్ ఇచ్చిన సంస్థ పేరు, చిరునామా, టర్నోవరు మనమే వెతుక్కోవాలి. లాభం పెరుగుతూ కార్యకలాపాల నగదు మైనస్‌లో ఉందంటే, సరుకు అప్పుకిచ్చి అమ్మకాల్లో రాసుకున్నారేమో చూడాలి.

సెబీ 2025 సవరణలు కొంత మేలు చేశాయి. మూడేళ్లలో రెండేళ్లయినా కోటి రూపాయల నిర్వహణ లాభం ఉండాలి, ప్రమోటర్ల (కంపెనీ యజమానుల) దగ్గర చేసిన అప్పు ఇష్యూ సొమ్ముతో తీర్చకూడదు, పాత వాటాల అమ్మకం ఇష్యూలో 20 శాతం మించకూడదు. కనీస దరఖాస్తును రెండు లక్షలు దాటించారు. చిన్నవాణ్ని కాపాడటానికి గుమ్మం ఎత్తు పెంచారన్నమాట. అప్పు చేసి ఎక్కేవాణ్ని ఏ గుమ్మం ఆపుతుంది?

మా విన్నపం చిన్నది. మీ అంకె పక్కనే రోజూ మరో రెండు అంకెలు వేయించండి: మీలో ఆ రోజు ఒక్క లాటు కూడా చేతులు మారని షేర్లెన్ని, లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కున్నవెన్ని.

ఇట్లు,
మీ యందు బ్లాకైన దరఖాస్తుదారులు