ఎల్‌హెచ్‌బీ కోచ్‌కి ఐసీఎఫ్ చప్పుడేంటండీ?

పొద్దున్నుంచి వాట్సాప్‌లో ఒకటే వీడియో తిరుగుతోంది. హెచ్‌ఓ స్కేల్ (నిజం రైలులో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్, డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజిన్, వెనకాల నిగనిగలాడే ఎల్‌హెచ్‌బీ రేక్, అంటే కొత్త రకం పెట్టెల వరస. కోచ్‌లలో సౌండ్ పెట్టారు. ఏం సౌండ్? టకటక్, టకటక్ అని పాత ఐసీఎఫ్ పెట్టెల చప్పుడు. రైలు ఆగిపోయాక కూడా అది మోగుతూనే ఉంది! పైగా పరిగెత్తే కోచ్‌లోంచి "దయచేసి వినండి" అంటూ స్టేషన్ అనౌన్స్‌మెంట్. అది ప్లాట్‌ఫాం కింద స్పీకర్ పెట్టి వినిపించాల్సిన మాట కదా! దీని కింద "సూపర్ అన్నా, అచ్చం నిజం రైలే" అని బొటనవేళ్లు, దణ్ణాలు. అన్నిటికన్నా ఒళ్లు మండించింది ఒకాయన మాట: "ఇంజిన్‌లో సౌండ్ ఉంటే చాలదా, కోచ్‌కి దేనికండీ దండగ?"

రైలెక్కినవాడు వినేది ఇంజిన్‌నా? ఎస్-9లో పై బెర్త్ మీద పడుకున్నవాడికి ఇంజిన్ ఉందో లేదో కూడా తెలీదు. వాడు వినేది చక్రాలు, ఫ్యాన్ల గలగల, పెట్టెకీ పెట్టెకీ మధ్య దారిలో వెస్టిబ్యూల్ ప్లేట్ల కీచులాట. మోడల్‌లో కూడా అంతే. ఎల్‌హెచ్‌బీ కోచ్ నిజం పొడవు 23.54 మీటర్లు, 87తో భాగిస్తే 27 సెంటీమీటర్లు. ఎనిమిది కోచ్‌లు కడితే రెండు మీటర్లు దాటుతుంది. ఇంజిన్ టేబుల్ ఆ చివరికి వెళ్లిపోయాక మన ముందు నుంచి రెండు మీటర్ల రైలు మూగగా జారిపోతుంటే దాన్ని రైలంటారా?

సరే, పెట్టారు, సంతోషం. పెట్టేటప్పుడు ఏ కోచ్‌కి ఏ శబ్దమో చూసుకోవాలి కదా. ఐసీఎఫ్‌కి స్క్రూ కప్లింగ్, పక్కన బఫర్లు, అంటే పెట్టెలు ఒకదాన్నొకటి ఒత్తుకునే దిమ్మలు. వంపులో బఫర్లు మూలుగుతాయి. బ్రేకు దిమ్మలు నేరుగా చక్రాన్నే పట్టుకుంటాయి కాబట్టి ఆగేటప్పుడు ఆ ఇనుప అరుపు. అడుగున చక్రాలుండే ట్రాలీ దగ్గర బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్, వేగంతోపాటు దాని కూత పెరుగుతుంది. ఎల్‌హెచ్‌బీకి ఇవేవీ లేవు. డిస్క్ బ్రేకులు కాబట్టి ఆ అరుపు లేదు. పక్క బఫర్లు లేవు, మధ్యలో ఒకే సెంటర్ బఫర్ కప్లర్ కాబట్టి బయల్దేరేటప్పుడు ఒక కుదుపు, దానితో ఒక మొద్దు శబ్దం. ఏసీ కోచ్ అయితే పైకప్పు యూనిట్ల హోరు. చివర పవర్ కార్ ఉంటే జనరేటర్ మోత దాన్లోంచే రావాలి, మధ్య కోచ్‌లోంచి కాదు. కరెంటు ఇంజిన్ నుంచి తీసుకునే రేక్ అయితే ఆ మోత కూడా ఉండకూడదు.

ఇక టకటక్. అది పట్టా అతుకుల చప్పుడు. 13 మీటర్ల పట్టాలు ఫిష్‌ప్లేట్లనే ఇనుప పలకలతో బిగించిన రోజుల్లోది. ఇప్పుడు మెయిన్ లైన్లలో దాదాపు అంతా వెల్డింగ్ చేసిన పొడుగు పట్టాలే. ఆధునిక రేక్ కింద 13 మీటర్లకోసారి టకటక్ వినిపించడం శుద్ధ తప్పు. దానికి కావాల్సింది ఆగకుండా సాగే హోరు, పట్టాలు మారే పాయింట్ల మీదికి వచ్చినప్పుడు మాత్రం దడదడ.

ఐసీఎఫ్‌కి పెట్టేవాళ్లయినా లెక్క వేస్తున్నారా? ట్రాలీలో రెండు ఇరుసుల మధ్య దూరం 2.896 మీటర్లు. 60 కిలోమీటర్ల వేగంలో టక్‌కీ టక్‌కీ మధ్య 0.17 సెకను. పట్టాకీ పట్టాకీ మధ్య 0.78 సెకను. వేగం సగమైతే ఇవి రెట్టింపు కావాలి. ఒకే ఎంపీ3 తీసుకొచ్చి లూప్‌లో వదిలేస్తే ప్లాట్‌ఫాంలోకి పాక్కుంటూ వచ్చే రైలు కూడా 100 మీద దూసుకుపోతున్నట్టు మోగుతుంది. ఆ వీడియోలో జరిగింది అదే.

దీనికి లక్షలేం అక్కర్లేదు. మన 915 మి.మీ. చక్రం హెచ్‌ఓలో 10.5 మి.మీ., చుట్టుకొలత 33 మి.మీ. ఐసీఎఫ్ ఇరుసుల దూరం హెచ్‌ఓలో 33.3 మి.మీ. అంటే చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగితే రెండో టక్! ఇంత చక్కగా లెక్క కుదిరే చోట గుడ్డి లూప్ పెట్టడానికి మనసెలా ఒప్పుతుంది? ఇరుసుకి ఎదురెదురుగా రెండు చిన్న నియోడిమియం అయస్కాంతాలు అంటించండి, రెండింటి దక్షిణ ధ్రువం బయటికి ఉండాలి. అయస్కాంతాన్ని పసిగట్టే ఏ3144 హాల్ సెన్సార్ ఆ ధ్రువానికే స్పందించి ఒక పల్సు ఇస్తుంది. ఒకటి తిరగబడితే సగం పల్సులు పోతాయి. 13 మీటర్ల పట్టా హెచ్‌ఓలో 149 మి.మీ., అంటే తొమ్మిది పల్సులు. తొమ్మిదికోసారి మొదటి టక్, అక్కణ్నించి రెండు పల్సులకి రెండోది. సెన్సార్ అవుట్‌పుట్‌కి 10 కిలోఓమ్ పుల్-అప్ రెసిస్టర్ మర్చిపోకండి.

ఈ టక్‌ని డీఎఫ్‌ప్లేయర్ మినీతో, అదే మెమరీ కార్డులోంచి వాయించే చిన్న మాడ్యూల్‌తో, వాయించాలని చూడకండి. అది కార్డులో ఫైలు వెతికి తెరిచేలోపు రెండో చక్రం కూడా దాటిపోతుంది. చప్పుడు ముక్కని ఏటీటైనీ85 మైక్రోకంట్రోలర్ చిప్‌లోనే పెట్టుకోవాలి. 8 కిలోహెర్ట్జ్, 8 బిట్, 0.1 సెకను అంటే 800 బైట్లు, ఉన్న 8 కిలోబైట్లలో హాయిగా పడుతుంది. ఆ చిప్ పీడబ్ల్యూఎం అవుట్‌పుట్‌ని ఫిల్టర్ చేసి పీఏఎం8403 ఆంప్‌కి ఇవ్వండి. డీఎఫ్‌ప్లేయర్‌ని హోరుకి మాత్రం వాడండి: లూప్ ఫైలు వేవ్ (.wav) లోనే ఉండాలి, ఎంపీ3 అయితే ప్రతి చుట్టుకీ చిన్న ఖాళీ వినిపిస్తుంది. దాని ఆర్‌ఎక్స్ తీగలో 1 కిలోఓమ్ పెట్టకపోతే స్పీకర్లో గీరుడు వస్తుంది.

డబ్బులున్నవాళ్లు డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) సౌండ్ డీకోడరే కోచ్‌లో పెడుతున్నారు. మంచిదే. కానీ సీవీ 3 (వేగం పెరిగే తీరు), సీవీ 4 (తగ్గే తీరు) సెట్టింగులు ఇంజిన్‌వే కోచ్‌కీ పెట్టారా? పెట్టకపోతే ఇంజిన్ మెల్లగా కదులుతుంటే కోచ్ చక్రాలు అప్పుడే పూర్తి వేగంలో మోగుతాయి, ఆపేటప్పుడు రైలు ఇంకా ఆగకముందే మూగబోతాయి. రెండింటికీ ఒకే అడ్రస్ ఇచ్చి మెయిన్ ట్రాక్ మీద ప్రోగ్రాం చేస్తే రెండూ మారిపోతాయి. సీవీ 15, 16 లాక్ ఉన్నది అందుకే.

కరెంటు దగ్గర ఇంకో ఘోరం. ప్రతి కోచ్‌లోనూ బ్రిడ్జి రెక్టిఫైయర్ వెనక 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ నేరుగా కలిపేస్తారు. ఎనిమిది కోచ్‌లు ఒక్కసారి చార్జ్ అవడంతో పట్టాలకి కరెంటిచ్చే బూస్టర్ షార్ట్ అనుకుని ట్రిప్ అవుతుంది, "బూస్టర్ పాడైంది" అని గోల. కెపాసిటర్‌కి వరసలో 100 ఓమ్ రెసిస్టర్, ఆ రెసిస్టర్‌కి సమాంతరంగా 1ఎన్4001 డయోడ్: నెమ్మదిగా నిండుతుంది, అవసరమైనప్పుడు వెంటనే ఇస్తుంది. ఇవి విజయవాడ గవర్నర్‌పేట షాపుల్లో చిల్లరకి దొరికే సరుకులు. కెపాసిటర్ 25 వోల్టులదే తీసుకోండి, 16ది పొంగుతుంది. డీసీసీ కాని మామూలు డీసీ లేఅవుట్ అయితే నెమ్మదిగా నడిపినప్పుడు పట్టాల్లో వోల్టేజి చాలదు కాబట్టి 3.7 వోల్టుల లిథియం సెల్ పెట్టాలి. అప్పుడు ఏ3144 పనిచేయదు, దానికి 4.5 కావాలి. రీడ్ స్విచ్ వాడండి.

స్పీకర్ని సీట్ల మధ్య నిలబెట్టి "వినపడట్లేదండీ" అనేవాళ్లకి ఏం చెప్పాలి? 11×15 మి.మీ. స్పీకర్ వెనక డబ్బా గాలి చొరకుండా మూసి ఉండాలి. లేకపోతే ముందు గాలి, వెనక గాలి ఒకదాన్నొకటి కొట్టేసుకుని తుస్సుమంటుంది. కోచ్ చివర టాయిలెట్ ఉంది కదా, అద్దం ఎలాగూ మసకే, అక్కడ దాచి ట్రాలీ పైన నేలకి రంధ్రం చేసి ముఖం కిందికి పెట్టండి. అంత చిన్న స్పీకర్ బేస్ ఇవ్వదు కాబట్టి 300 హెర్ట్జ్ కిందిది ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో కోసేయండి, బొంగురు పోతుంది. చోటు కోసం లోపలి ఇనుప బరువు తీసేస్తే మాత్రం ఆ బరువు మళ్లీ సరిపెట్టండి. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైలు సంఘం) లెక్కలో 245 మి.మీ. ఐసీఎఫ్ కోచ్ దాదాపు 165 గ్రాములుండాలి. తేలికైతే వంపులో పడిపోతుంది, దానికీ పట్టాలనే తిడతారు.

ఇంత చేశాక కావాల్సింది అసలైన శబ్దం. అది ఎక్కడుంది? నా కోపమంతా ఇక్కడే, ఇవాళ్టిది కాదు ఇది. మన రైలు అభిమానులు ఏళ్ల తరబడి తీస్తున్నది ఒక్కటే: ఇంజిన్ హారన్. ప్లాట్‌ఫాం చివర నిలబడి లోకోపైలట్‌కి చెయ్యి ఊపడం, హారన్ కొట్టించుకోవడం, పెట్టెలు వచ్చేసరికి కెమెరా ఆపేయడం. పెరంబూరులో 1955లో మొదలైన ఫ్యాక్టరీ ఐసీఎఫ్ డిజైన్ కోచ్‌ల తయారీని 2018 జనవరిలో ఆపేసింది. ఉన్నవి కూడా ఒక్కొక్కటే పక్కకి పోతున్నాయి. కొన్ని తరాల ఆంధ్రులు నిద్రపోయింది ఆ చప్పుడులోనే. శుభ్రంగా రికార్డు చేసిన పది నిమిషాలు అడిగితే ఒక్కడి దగ్గరా లేదు! హారన్లు మాత్రం గిగాబైట్లకి గిగాబైట్లు.

విజయవాడ నుంచి గుంటూరు రైలెక్కండి చాలు. స్టేషన్ దాటేటప్పుడు పాయింట్ల దడదడ, తర్వాత కృష్ణ వంతెన మీద గర్డర్ల మోత, కృష్ణా కెనాల్ దగ్గర మళ్లీ పాయింట్లు. మూడూ కాసేపట్లో దొరుకుతాయి. తలుపు దగ్గర వేలాడొద్దు, లోపల టాయిలెట్ పక్కన, ట్రాలీకి సరిగ్గా పైన నిలబడండి. ఫోన్లో ఆటో గెయిన్ (శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించేది), నాయిస్ తగ్గింపు రెండూ ఆపేసే యాప్‌తో, 48 కిలోహెర్ట్జ్ వేవ్‌లో తీయండి. అవి ఆన్‌లో ఉంటే ఫోను ఆ హోరునే చెత్త అనుకుని తుడిచేస్తుంది. మైకుకి స్పాంజి తొడుగు వేయండి. ఫైలు పేరులో కోచ్ రకం, వేగం, అతుకుల ట్రాకా వెల్డింగ్ ట్రాకా అన్నది రాయండి. ఇవి రాయని రికార్డింగ్‌ని మోడల్‌లో ఏ కోచ్‌కి పెట్టాలో ఎవరూ చెప్పలేరు.