పాత జీపుకు కొత్త వేషమా?

మిత్రుడొకరు పోయిన వేసవిలో పాత మహీంద్రా ఎంఎం 540 జీపు కొన్నారు. ఎప్పుడో ప్రభుత్వ వేలంలో పోయి, ముగ్గురి చేతులు మారి, చివరకు ఒక మామిడితోటలో పశువుల పాక పక్కన ఆగిపోయిన బండి. లారీకెత్తించి విజయవాడ ఆటోనగర్‌కు తెచ్చారు. అక్కడ టింకరింగ్ చేసే పెద్దాయన చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు మీద వేలితో తట్టి, ఒక్కటే అడిగారు: “ఉన్నది ఉన్నట్టు చేయమంటారా సార్, మోడల్ మార్చమంటారా?”

మావాడికి రెండో మాటే నచ్చింది. ఫోనులో దాచుకున్న ఫొటోలు చూపించాడు. అడుగు ఎత్తు లేపిన బండి, గంగాళాల్లాంటి టైర్లు, ముందు ఇనుపకంచె లాంటి బంపరు, నెత్తిన పెళ్లిపందిరిని తలపించే దీపాల వరుస. నేను వద్దన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను. పాత జీపును బాగుచేయించాలి తప్ప మార్చకూడదు.

చట్టం ఏమంటుందో బండి ఉన్నవాళ్లందరికీ తెలుసు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడానికి వీల్లేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఉంది, ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానానో ఆరు నెలల దాకా జైలో ఉంది. రోడ్డు మీద ఎవరూ ఆపడం లేదు కాబట్టి ఇవేవీ లేనట్టే నడుస్తోంది. అయితే నా అభ్యంతరం పోలీసు భయంతో వచ్చింది కాదు.

బండి కిందికి దూరి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఈ జీపులు 6.00-16 సైజు సన్న టైర్ల మీద పుట్టాయి. సన్న టైరు బురదను కోసుకుంటూ కింద ఉన్న గట్టి నేలను అందుకుంటుంది. వెడల్పు టైరు పైన తేలుతుంది. ఇసుకలో అది మేలేమో గానీ, మన నల్లరేగడిలో ముద్ద పట్టి కూర్చుంటుంది. ఇక వెడల్పు టైరు వేసిన నాటి నుంచి స్టీరింగ్ బిగుసుకుపోతుంది. దాని కోసం పవర్ స్టీరింగ్ పెట్టించాలి. చక్రం పెద్దదైంది కాబట్టి ఇంజిన్‌కు లాగడం కష్టమవుతుంది. ఆ 2.1 లీటర్ల ప్యూజో డీజిలు ఇంజిన్‌కు ఉన్నదే అరవై పైచిలుకు హార్స్‌పవర్. ఘాట్ ఎక్కలేక ఆయాసపడితే ఇంకో కంపెనీ టర్బో ఇంజిన్ దించాలి. ఆ బలానికి పాత గేర్‌బాక్సు తట్టుకోదు, చక్రాలను తిప్పే హాఫ్ షాఫ్టులు విరుగుతాయి. కొత్త వేగానికి పాత డ్రమ్ము బ్రేకులు చాలవు. ఒక్క టైరు సరదా ఇంతదూరం లాక్కొస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ జీపులో జీపుది మిగిలేది ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు. అది కూడా వెల్డింగ్ సెగకు చెరిగిపోకుండా ఉంటే.

అవతలివాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. బండి వాడుకోవడానికే గానీ అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి కాదంటారు. ఆ బ్రేకులతో, సీటుబెల్టు కూడా లేకుండా, ఇవాళ్టి జాతీయ రహదారి మీదికి పిల్లల్ని ఎక్కించుకుని ఎలా వెళ్తామంటారు. సీటుబెల్టులు బిగించుకోండి, నేనూ బిగించమనే చెప్పాను. మిగతా సుఖాలన్నీ కావాలంటే కొత్త థార్ షోరూములోనే ఉంది. దాన్ని ఆ పనికోసమే తయారు చేశారు.

వాళ్ల దగ్గర ఇంకో పదునైన మాట ఉంది. జీపు చరిత్రంతా మార్పులే కదా అంటారు. నిజమే. అమెరికా విల్లీస్ కంపెనీ పెట్రోలు ఇంజిన్‌తో మొదలైన మహీంద్రా జీపుకు తర్వాత కంపెనీయే డీజిలు ఇంజిన్లు పెట్టింది, అందులో ట్రాక్టరుది కూడా ఉంది. మన పల్లెల్లో వెనక బల్లలు పెంచి ఇరవైమందిని ఎక్కించారు, ఎన్నికల్లో మైకులు కట్టారు. కానీ ఆ మార్పులన్నీ పని అడిగితే వచ్చినవి. పని చేసిన అతుకును నేను తీసేయమనను. పెట్రోలు బండికి 1980లలో ఎవరో రైతు డీజిలు ఇంజిన్ వేయించి ఉంటే అది కూడా ఆ బండి జాతకమే, ఉండనివ్వాలి. షోరూము నుంచి వచ్చిన తొలిరోజు మెరుపు కోసం వెతుక్కునే వాళ్లతోనూ నాకు పేచీయే. తిరగనున్నది తారు రోడ్డు మీదనైనా అడవిలోకి వెళ్లొచ్చినట్టు కనిపించాలన్న ముచ్చట వేరు. అది వేషం.

తమాషా ఏమిటంటే, ఈ ఆకారం కోసం సముద్రాల అవతల కంపెనీలు కొట్టుకున్నాయి. మహీంద్రా ఇదే ఒడ్డూపొడుగుతో రాక్సర్ అనే బండిని అమెరికాలో దించితే, జీపు రూపం మాదేనంటూ అప్పటి జీప్ బ్రాండు యజమాని ఫియట్ క్రైస్లర్ 2018లో ఫిర్యాదు చేసింది. చివరకు మహీంద్రా ఆ బండి ముఖం మార్చుకోవలసి వచ్చింది. అంత విలువైన ముఖాన్ని మనం గ్రైండరుతో కోయిస్తున్నాం.

పైగా ఈ జీపులు ఇక పుట్టవు, వేలానికీ రావు. పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దవుతోంది. సైన్యం వంటి కొన్ని ప్రత్యేక అవసరాల వాహనాలు తప్ప అన్నీ తుక్కు కేంద్రానికే. బీడీఓ జీపు, ఫారెస్టు జీపు, ఊళ్లోకి వస్తే పిల్లలు వెంటపడి పరుగెత్తిన పోలీసు జీపు బయట మిగిలినన్నే మిగిలాయి. యాభై ఏళ్లు నిండిన బండికి వింటేజ్ హోదా ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. అవి కూడా తొలి రూపంలో, పెద్ద మార్పులు లేకుండా ఉన్న వాటికే. 1985 నాటి జీపుకు ఆ అర్హత 2035లో వస్తుంది. ఇవాళ చాసిస్ కోయించినవాడు ఆ తలుపును ఇప్పుడే మూసేసుకుంటున్నాడు.

మనకు ఇది జీపులతో మొదలైన జబ్బు కాదు. జీర్ణోద్ధరణ అన్న చక్కటి మాట మన దగ్గర ఉంది, శిథిలమైన దాన్ని తిరిగి నిలబెట్టడమని అర్థం. ఆ పేరు చెప్పుకుని ఊరూరా గుళ్లలో ఏం చేస్తున్నామో చూడండి. వందల ఏళ్ల రాతి నేల మీద నున్నటి గ్రానైట్ పరుస్తున్నాం, ద్వారపాలకులకు ఎనామిల్ రంగులు పూస్తున్నాం, శాసనం ఉన్న బండ మీదుగా విద్యుత్ పైపు లాగుతున్నాం. దాతల పేర్ల ఫలకం మాత్రం తళతళలాడుతుంది. చేతగాక కాదు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి కట్టుకున్నవాళ్లం మనమే. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పితే తిరిగి నిలబెట్టేసరికి 2024 వచ్చింది. ఆలస్యానికి ఎంతైనా తిట్టుకోవచ్చు, నేనూ తిట్టుకున్నాను. కానీ పాత రాళ్లలో పనికొచ్చినవి ఎక్కడివక్కడికే చేరాయి. కొత్త హాలు కట్టేస్తే ఏడాదిలో అయిపోయేది.

ఆటోనగర్ పెద్దాయన చేసింది కూడా ఇంచుమించు అదే. బండి విప్పిన రోజు ఒక్కో చోటి బోల్టులను ఒక్కో పాల కవరులో వేసి, కవరుకొక చీటీ కట్టారు. ‘ఎడమ కమాను’, ‘రేడియేటర్ కింద’, ‘అద్దం ఫ్రేము’. అప్పటికి మావాడు ఇంకా ఊగిసలాడుతూనే ఉన్నాడు. తలుపు రంగు గీకుతుంటే పైన నీలం పోయింది, దాని కింద తెలుపు పోయింది, దాని కింద బూడిదరంగు మీద చేత్తో రాసిన అక్షరాలు బయటపడ్డాయి. ‘చిన్న నీటిపారుదల’ వరకు చదవగలిగాం, తర్వాతి మాట తుప్పు తినేసింది.

పెద్దాయన గీకుడు ఆపి మావాడి వంక చూశారు. “దీని మీద పుట్టీ పెట్టేయనా సార్?”

మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జేబురుమాలుతో ఆ అక్షరాల మీది దుమ్ము తుడిచాడు.