రెండు వందల రూపాయల జరిమానా గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రెండు వందల రూపాయల జరిమానా గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా దగ్గుకుంటూ క్షేమం. బహిరంగ ప్రదేశంలో పొగ తాగినవాడి మీద పడాల్సిన తమరు కూడా 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టంలో, పుట్టినప్పుడు ఎంత ఉన్నారో అంతే ఉండి, రూపాయి పెరగక రూపాయి తరగక కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మిమ్మల్ని ముఖాముఖి చూసే భాగ్యం మా బస్టాపులో ఎవరికీ కలగలేదు. ఉన్నారని మాత్రం అందరికీ తెలుసు. షెల్టర్ గోడకి బోర్డు కూడా ఉంది: తెల్ల అట్ట, ఎర్ర సున్నా, అడ్డగీత, ఇక్కడ పొగ తాగుట నేరం అన్న మాట. ఆ బోర్డు 60 సెంటీమీటర్లకి 30 అయినా ఉండాలని నిబంధన. ఎవరైనా మాట వినకపోతే ఎవరికి చెప్పుకోవాలో ఆ మనిషి పేరు కూడా కనిపించేలా పెట్టాలి. మా బోర్డు కింద ఒక పేరు, ఒక నంబరు ఉన్నాయి. సంతోషపడి ఫోన్ చేస్తే, ఎనిమిదో తరగతి లెక్కలకి నెలకి ఎంతవుతుందో చెప్పారు. జాగా ఖాళీగా ఉంది కదా అని ట్యూషన్ మాస్టారు స్టిక్కరు అంటించుకున్నారు, పాపం. మర్యాదస్తుడు. నా ఫిర్యాదు మొత్తం విని, "తాగింది మా స్టూడెంటేనా అండీ?" అని అడిగారు. ఈ విషయంలో ఇంతవరకూ నాకు ఎదురు ప్రశ్న వేసిన అధికారి ఆయనొక్కరే.

మీ జాతకం కొంచెం చిత్రమైనది. 2001లో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, బళ్లు, కోర్టులు, బస్సులు, రైళ్లలాంటి చోట్ల పొగ కూడదని ఆదేశాలిచ్చింది. రెండేళ్ల తర్వాత పార్లమెంటు మిమ్మల్ని కన్నది. బహిరంగ ప్రదేశాల నిబంధనలను మళ్లీ గట్టిగా రాసి 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో పెట్టారు. గాంధీ జయంతి కాబట్టి ఆ రోజు బ్రాందీ షాపులు కట్టేసి, పొగకి మిమ్మల్ని కాపలా ఉంచారు. మర్నాడు బ్రాందీ షాపులు తెరిచారు. మీరు ఎటు వెళ్లారో తెలియలేదు. మీకొక అన్నగారు కూడా ఉన్నారు, 1989 రైల్వే చట్టంలోని వంద రూపాయలు. రైలు పెట్టెలో కాల్చినవాడికి ఆయన పడాలి. వయసులో మీకంటే పద్నాలుగేళ్లు పెద్ద, విలువలో మీలో సగం. మీ ఇంటావంటా ఎదుగుదల లేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

పుట్టిన కొత్తలో మీకో పరువుండేది. అప్పట్లో రెండొందలంటే పొలం కూలీకి ఒక రోజు సంపాదన పైమాటే. ఇప్పుడు ఇరవై సిగరెట్ల పెద్ద పెట్టె ఖరీదు మిమ్మల్ని ఎప్పుడో దాటేసింది. అంటే శిక్ష కంటే నేరానికి కావలసిన సరంజామాకే ఎక్కువ ఖర్చు. పైగా మీరు నిండు రెండొందలు కూడా కారు, రెండొందల 'దాకా'. ఎదుటివాడు కాస్త దీనంగా మొహం పెడితే తగ్గే వెసులుబాటు చట్టమే ఇచ్చింది.

మా టీ కొట్టు బాబాయికి మీ చట్టం కంఠతా వచ్చు. మీ పుణ్యమా అని ఆయన బెంచీలు బస్టాపుకి అవతల ఉన్నాయి. "బస్టాపులో తాగితే నేరం సార్. రోడ్డు మీద తాగితే కాదు. ఓపెన్ ప్లేసు." నిజమే. చట్టం బహిరంగ ప్రదేశం అంటూనే ఖాళీ జాగాను మినహాయించింది. ఆ మినహాయింపులో మళ్లీ రైల్వే స్టేషను, స్టేడియం, బస్టాపు పడవని నిబంధనల్లో రాశారు. కాబట్టి బెంచీ మీద కూర్చుని వదిలిన పొగ రెండడుగులు ప్రయాణించి, షెల్టర్లో చంటిబిడ్డతో నిలబడ్డ తల్లి మొహం మీదికి వచ్చేసరికి నేరస్థలంలో అడుగుపెడుతుంది. కానీ అప్పటికి మనిషి అక్కడ ఉండడు. పొగకి చలానా రాయలేరు.

ఆ పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలు, వాటిలో క్యాన్సర్ తెచ్చేవే డెబ్బై దాకా ఉన్నాయని డాక్టర్లు చెబుతారు. సొంతంగా ఒక్క దమ్ము కూడా లాగకుండా పక్కవాళ్ల పొగకే పోయేవాళ్లు ప్రపంచంలో ఏటా పది లక్షల పైనే. మన దేశంలో అన్ని రకాల పొగాకూ కలిపి ఏడాదికి సుమారు 13.5 లక్షల ప్రాణాలు తీస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊపిరితిత్తులనే అందరూ అనుకుంటారు గానీ గుండెపోటు, పక్షవాతం, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయి వేళ్లు తీసేయాల్సి రావడం, ఇవన్నీ ఆ ఖాతాలోవే. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. తమరు చట్టంలోంచి బయలుదేరి మా బస్టాపుకి చేరడానికి మాత్రం ఇరవై ఏళ్లు దాటినా చాల్లేదు.

పిల్లల సంగతి. పద్దెనిమిదేళ్లు నిండనివాడికి సిగరెట్టు అమ్మకూడదు, బడికి వంద గజాల లోపు కొట్టే ఉండకూడదు. తప్పితే? అక్కడా మీరే. అదే రెండొందలు. విచిత్రమేమిటంటే, పిల్లాడికి పొగాకు ఇచ్చినవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఒక పుస్తకంలో ఏడేళ్ల జైలు, ఇంకో పుస్తకంలో మీరు. కేసు రాసే చెయ్యి ఏ పుస్తకం వైపు పోతుందో నేను చెప్పాలా? ఆ లక్షను చూస్తే తమరికి చిన్నతనంగా ఉండదా అని ఎప్పుడైనా అడగాలనుకున్నాను.

తాగేవాణ్ణి విలన్ చేసి మాట్లాడ్డం నాకిష్టం లేదు. మానాలని వాడికీ ఉంటుంది. మానిన వారంలో నిద్ర పట్టదు, ఇంట్లో అందరి మీదా అరుస్తాడు, ఆఫీసులో టెన్షన్ వస్తే చెయ్యి జేబులోకి పోతుంది. అలాంటివాడి కోసం 2018 నుంచి పెట్టె మీద 1800-11-2356 అని ఉచిత ఫోన్ నంబరు అచ్చు వేస్తున్నారు. 2016 నుంచి పెట్టెకి రెండు వైపులా 85 శాతం మేర భయపెట్టే బొమ్మ కూడా ఉంది. మంచి పనే. కానీ మా బాబాయి కొట్లో పెట్టె కొనేవాడు అరుదు. ఒకటి తీసుకో, దారానికి వేలాడే లైటరుతో ముట్టించుకో, టీ డబ్బుతో కలిపి ఇచ్చెయ్. ఆ బొమ్మనీ ఆ నంబరునీ రోజంతా చూసేది కొట్టువాడొక్కడే. ఆయనకి అలవాటు లేదు.

ఇక మీ ఏలుబడి పొగ వరకే. 2016-17 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో పొగ తాగేవాళ్లు 10.7 శాతమైతే, నమిలేవాళ్లు, దవడలో పెట్టుకునేవాళ్లు 21.4 శాతం. సరిగ్గా రెట్టింపు. వాళ్లకి మీరు వర్తించరు. గుట్కాని ఆహార భద్రత చట్టం కింద నిషేధించారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో. ఆ నిషేధం ఏడాది మించి చెల్లదు గనుక కేబుల్ కనెక్షన్‌లాగా ఏటా రెన్యువల్ చేయించాలి. కంపెనీలు అంతకంటే తెలివైనవి. వక్కపొడి ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో పెట్టాయి. కంపెనీ కలిపితే నేరం, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటే వాడి ఇష్టం. టీవీలో మాత్రం అదే బ్రాండు పేరుతో పెద్ద హీరోలు యాలకులు తింటూ కనిపిస్తారు. యాలకుల మీద వాళ్లకంత ప్రేమని మనమూ నమ్ముతాం.

మీరు పట్టుకోలేనిది ఇంకొకటుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ అంటారు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్లే. గాలికి ఆరదు, బూడిద పడదు, చేతిలో పని ఆగదు. నిప్పు తగిలేది అంగిలికి. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడి డాక్టర్లకి పాత పరిచయం. 1960ల నుంచే దాని మీద పరిశోధన పత్రాలున్నాయి. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని, నోట్లో నిప్పు దాచుకుని నడిచిన ఆ ముసలమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక అమ్మాయి ఆఫీసు బయట సిగరెట్టు వెలిగిస్తే చాలు, మీరు రాకపోయినా వీధంతా కళ్లతోనే జరిమానా వసూలు చేస్తుంది. పక్కనే అదే పెట్టెలోంచి తీసి కాలుస్తున్న నలుగురు మగవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఎవరికీ బెంగ లేదు. పెళ్లి సంబంధాల్లో వాళ్లనే "అబ్బాయికి ఏ అలవాట్లూ లేవండీ" అని పరిచయం చేస్తారు. అబ్బాయి జేబునిండా సోంపు ప్యాకెట్లుంటాయి.

అయినా మిమ్మల్ని ఒక్కరినే అని ఏం లాభం? మీరు పెరిగిన ఇల్లు అలాంటిది. మీరు ఆరోగ్య శాఖ బిడ్డ. వాణిజ్య శాఖకి ఒక పెద్ద కొడుకున్నాడు, పొగాకు బోర్డు. 1976 నుంచి గుంటూరులో కాపురం. ఈ ఏడు ఎంత పండించాలో చెబుతాడు, ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు వేలం కేంద్రాల్లో దగ్గరుండి అమ్మిస్తాడు. రాజమండ్రిలో 1947 నుంచి పరిశోధన కేంద్రం. ఒక శాఖ పంట బాగుండాలని కోరుకుంటుంది, ఇంకో శాఖ ఆ పంటని ఎవరూ ముట్టుకోకూడదని కోరుకుంటుంది. ఎల్‌ఐసీ పాలసీ ఫారంలో "మీరు పొగ తాగుతారా?" అని అడుగుతారు. తాగుతానంటే వాళ్లకి దిగులు. దేశంలో అతి పెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో ఆ ఎల్‌ఐసీకే సుమారు 15 శాతం వాటా ఉంది కాబట్టి, తాగనంటే కూడా దిగులేనేమో. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ సిగరెట్లనీ గుట్కానీ 40 శాతం పన్నులోకి పంపి, బీడీ మీద 28 నుంచి 18కి తగ్గించాలని నిర్ణయించింది. బీడీ పొగ వేరే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబోలు.

రైతు మీద నాకు ఒక్క మాట కూడా పరుషంగా రాయడానికి చెయ్యి రాదు. ఐదారు రోజులు రాత్రీ పగలూ ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట కాసి, ఆకు రంగు చూసి గుండె చిక్కబట్టుకుని, వేలానికి తెచ్చిన బేళ్లు ఎవరూ పాడక 'నో బిడ్' అని తిరిగొస్తే మళ్లీ కిరాయి పెట్టుకుని ఇంటికి మోసుకెళ్లే మనిషి. 2025లో నల్ల బర్లీ రకం పొగాకు ధర పడిపోతే ప్రభుత్వమే సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లదీ అంతే. రోజంతా పొగాకు పొడి పీల్చి, చూపుడు వేళ్లు అరగదీసుకుని బతికే వాళ్లకి ఈ అలవాటు ఎక్కడ అంటుకుందో తెలుసా? కడుపుకి.

కానీ ఒకటి చెప్పాలి, మీకు ఉపయోగపడుతుంది. పొగాకు బోర్డు ఇచ్చిన కోటా మించి పండించిన రైతు మీద కూడా ఒక జరిమానా ఉంది. తుపాను వచ్చిన ఏడు మాఫీ చేస్తారు గానీ, లేకపోతే అది మీలా గోడకి అట్ట తగిలించుకుని ఎదురుచూడదు. వేలం డబ్బులోంచే కోసేస్తారు. పొగాకు ఎక్కువ పండించినవాడి దగ్గర వసూలు ఇంత సులభమైనప్పుడు, ఎక్కువ తాగినవాడి దగ్గర ఇంత కష్టం ఎందుకయిందో మీ అన్నగారితో కూర్చుని ఒకసారి ఆలోచించుకోండి.

మీ ప్రమోషన్ ఫైలు సంగతి కూడా విన్నాను. 2020 ముసాయిదాలో మిమ్మల్ని రెండు వేలు చేస్తామన్నారు, కొనే వయసు 21కి పెంచుతామన్నారు, విడి సిగరెట్ల అమ్మకం ఆపేస్తామన్నారు. అది చట్టం కాలేదు. పక్కన కర్ణాటకలో మీ దాయాది 2025లో వెయ్యి అయి కూర్చున్నాడు. తెలంగాణలో 2024లో హుక్కా సెంటర్లను ఏకంగా నిషేధించారు. మిమ్మల్ని మాత్రం ఎవరూ కదపలేదు.

ఈ లేఖ రాసే ముందు టీ కొట్టు బాబాయిని అడిగాను, నిజంగానే మీరు రెండు వేలయితే ఏం చేస్తావని. ఆయన బస్టాపు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, గ్లాసు తొలుస్తూ అన్నాడు: "బెంచీని ఇంకో రెండడుగులు అటు జరుపుతాను సార్."

ఇట్లు,
తమ రాక కోసం షెల్టర్లో ముక్కు మూసుకుని నిలబడ్డ,
ఒక ప్రయాణికుడు