ఆ మాట ఆమెతోనే చెప్పండి

సౌదీ అరేబియా 2019 సెప్టెంబరులో అమెరికా, బ్రిటన్ సహా 49 దేశాల పౌరులకు పర్యాటక వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటినుంచి విదేశాల్లో స్థిరపడ్డ మన తెలుగు సంఘంలోని కొన్ని కుటుంబాలు ఇండియాకు వెళ్ళే దారిలో జెద్దాలోనో రియాద్‌లోనో దిగి, నాలుగు రోజులు ఆ దేశం చూసి వెళ్తున్నాయి. పెళ్ళైన కొత్తలో నేను తొమ్మిదేళ్ళు రియాద్‌లో ఉన్నానని తెలిసినవారు బయలుదేరే ముందు నాకు ఫోను చేస్తారు. "అక్కడ ఆడవాళ్ళు ఏం వేసుకోవాలండీ? బురఖా తప్పదా?" అని అడుగుతారు. ఆ ఫోను చాలాసార్లు భర్త చేస్తాడు, లేదా మామగారు చేస్తారు. వేసుకోవలసిన అమ్మాయి పక్క గదిలో పెట్టె సర్దుకుంటూ ఉంటుంది. ఫోను ఆమెకు ఇమ్మని నేను అడుగుతాను. అలా ఎందుకు అడుగుతానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా బురఖా అనే మాట గురించి చెప్పాలి. నల్లగా, పొడుగ్గా కనిపించే ప్రతి దుస్తునూ మనం బురఖా అనేస్తాం. సౌదీలో మామూలుగా కనిపించేది అబాయా, అంటే వేసుకున్న బట్టల మీద తొడుక్కునే వదులైన పొడవాటి అంగీ. జుట్టు కప్పే వస్త్రం హిజాబ్, కళ్ళు మాత్రం వదిలి ముఖం కప్పేది నిఖాబ్. ఈ మూడూ వేరువేరు కనుక, వీటికి సంబంధించిన నియమాలూ వేరువేరే. నల్ల అబాయాయే వేసుకోవాలని చట్టంలో లేదని, స్త్రీ పురుషులిద్దరూ మర్యాదైన దుస్తులు ధరిస్తే చాలని యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ 2018 మార్చిలో ఒక అమెరికన్ టీవీ ముఖాముఖిలో అన్నారు. అంతకు నెల ముందే, పెద్ద మతపండితుల మండలి సభ్యుడైన షేక్ అబ్దుల్లా అల్ ముత్లక్, ముస్లిం ప్రపంచంలో తొంభై శాతానికి పైగా భక్తిపరులైన స్త్రీలు అబాయా వేసుకోరు కాబట్టి దానికోసం బలవంతపెట్టకూడదని చెప్పారు. పర్యాటక వీసాలతోపాటు 2019లో ప్రకటించిన మర్యాద నియమాల ప్రకారం విదేశీ స్త్రీలు భుజాలు, మోకాళ్ళు కప్పేలా వదులైన దుస్తులు వేసుకోవాలి. అబాయా అవసరం లేదు, తల కప్పుకోనక్కరలేదు. ఆ నియమాలు మగవారికీ వర్తిస్తాయి. బనియన్లు, పొట్టి నిక్కర్లతో తయారయ్యే మన అబ్బాయిలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

నేనున్న రోజుల్లో పరిస్థితి వేరు. గుమ్మం దాటాలంటే అబాయా ఉండాల్సిందే. చీర మీద అబాయా వేసుకుని నడవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది: కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటాయి, పైట లోపల ఉండచుట్టుకుపోతుంది, ఎస్కలేటర్ ఎక్కితే రెండు అంచులనూ ఒకే చేత్తో ఎత్తిపట్టుకోవాలి. మా తెలుగువాళ్ళం ఉగాదికి ఒక కాంపౌండు లోపలి హాలులో కలుసుకునేవాళ్ళం. గుమ్మం దగ్గర అందరం అబాయాలు విప్పి కొక్కేలకు తగిలించగానే ధర్మవరాలూ, గద్వాలలూ, పోచంపల్లులూ ఒక్కసారిగా బయటపడేవి. ఇంటికి వెళ్ళేటప్పుడు నలభై నల్ల అంగీలలో ఎవరిది ఏదో తెలిసేది కాదు. అందుకని నాది గుర్తుపట్టడానికి మెడపట్టీ లోపల ఎర్ర దారంతో రెండు కుట్లు వేసుకున్నాను. ఆ అబాయా ఇప్పటికీ నా అలమరలో ఉంది.

ఆ నల్లబట్ట మీద నాకు కోపం లేదు. నాకు కష్టం కలిగించినది వేరే సంఘటన. ఒకసారి బజారులో నా తలమీది గుడ్డ జారింది. ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి, నావైపు కన్నెత్తి చూడకుండా, మా వారితో "నీ భార్యను జుట్టు కప్పుకోమను" అన్నాడు. పరాయి స్త్రీని చూడకపోవడం ఆయన దృష్టిలో మర్యాదే కావచ్చు. మా వారు నావైపు తిరిగి అదే మాటను తెలుగులో చెప్పారు. నా తల గురించి ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకున్నారు, నేను మధ్యలో నిలబడి ఉన్నాను. గుడ్డ సర్దుకోవడం నాకు క్షణం పని. ఆ క్షణంలో నేను అక్కడ లేనట్టే లెక్కకట్టడం మాత్రం ఇరవై ఏళ్ళైనా మరపుకు రాలేదు. ఇప్పుడు మన ఇళ్ళలోంచి భర్తలూ మామగార్లూ నాకు ఫోను చేసి "మా అమ్మాయి ఏం వేసుకోవాలి" అన్నప్పుడల్లా నాకు ఆ బజారే గుర్తుకొస్తుంది.

సౌదీకి వెళ్ళే ఆడపిల్ల ఒళ్ళు నిండా బట్ట కట్టుకోవాలనే నేనూ కోరుకుంటాను. చట్టం సడలింది కదా అని స్లీవ్‌లెస్‌లతో జెద్దా పాతబస్తీ అల్ బలద్ సందుల్లో తిరగడం నాకు నచ్చదు. ఆ సందుల్లో బామ్మలు ఉంటారు, నమాజుకు వెళ్ళేవారు ఉంటారు. తిరుమల కొండకు వచ్చే పరదేశీయులు పంచె కట్టుకునో చున్నీ వేసుకునో వరుసలో నిలబడితే మనకెంత ముచ్చటగా ఉంటుందో, అక్కడివారికీ అంతే ఉంటుంది. అయితే ఆ ఆదరం ఆమె తెలిసి, తనంతట తాను ఇచ్చినదై ఉండాలి. చట్టం ఎంతవరకు అడుగుతోందో, ఆ పైన మర్యాద ఎంత అడుగుతోందో రెండూ ఆమెకు విడివిడిగా చెప్పి, నిర్ణయం ఆమెకు వదిలిపెట్టాలి. భయపెట్టి కప్పించిన బట్టలో ఎవరిపట్ల గౌరవమూ ఉండదు.

"కప్పుకుంటే ఎవరూ జోలికి రారు" అని పెద్దలు ధైర్యం చెబుతుంటారు. దయచేసి ఆ మాట చెప్పకండి. తల నుంచి మడమల దాకా కప్పుకుని నడుస్తున్న రోజుల్లోనే మా వెనక కార్లు నెమ్మదిగా వచ్చేవి. కప్పుకోవడమే రక్ష అయితే ఆ దేశం 2018లో వేధింపుల నిరోధక చట్టం తేవలసిన అవసరమే ఉండేది కాదు. దాని కింద అయిదేళ్ళ దాకా జైలు, మూడు లక్షల రియాళ్ళ దాకా జరిమానా ఉన్నాయి. ఏదైనా జరిగితే తప్పు తన బట్టలదేనని మన పిల్ల అనుకోకూడదు, నోరు మూసుకుని ఊరుకోకూడదు.

నేను చెప్పేది సౌదీకే వర్తిస్తుంది. ఇరాన్‌లో తల కప్పుకోవడం 1983 నుంచి చట్టం, విదేశీ స్త్రీలకు కూడా. హిజాబ్ సరిగా లేదని పట్టుకెళ్ళిన మహ్‌సా అమినీ 2022 సెప్టెంబరులో పోలీసుల నిర్బంధంలో ఉండగా మరణించిన తరువాత, అక్కడి స్త్రీలు ఆ ముసుగును కాదన్నందుకు ఎంత మూల్యం చెల్లించారో లోకం చూసింది. అక్కడ తల కప్పుకోవడాన్ని అతిథి మర్యాద అని పిలవడానికి నాకు నోరు రాదు. అలాగే గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన మన ఆడపడుచులు ఏం వేసుకోవాలో యజమాని ఇల్లు నిర్ణయిస్తుంది. నాలుగు రోజులు తిరిగొచ్చి "అక్కడ అంతా స్వేచ్ఛే" అని చెప్పేవారు వారిని కూడా తలచుకోవాలి.

ఇక పెట్టెలో ఏం పెట్టుకోవాలంటే, మన చుడీదారే అన్నిటికన్నా హాయి: మోకాళ్ళు దాటే వదులు కుర్తా, మోచేతుల దాకా చేతులు, పెద్ద నూలు చున్నీ. లెగ్గింగ్స్ వద్దు. చీర కట్టాలనిపిస్తే నడుము కనబడకుండా పైట చుట్టి పిన్ను పెట్టుకోవాలి. మసీదు లోపలికి అడుగుపెట్టాలంటే తల కప్పుకోవాల్సిందే. అబాయా కావాలంటే చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో దొరుకుతుంది, సౌదీలో దిగాక కొనుక్కున్నా సరే. పొడవు మాత్రం చీలమండ దగ్గర ఆగేలా చూసుకోండి, నేల ఊడ్చేది కొనకండి.

2022 అక్టోబరులో మా అమ్మాయిని తీసుకుని సౌదీలోని అల్ ఉలా వెళ్ళాను. అక్కడికి దగ్గరలో నబాతియన్లు అనే ప్రాచీన అరబ్బు జాతివారు రాతికొండల్లో చెక్కిన 111 సమాధుల హెగ్రా ఉంది. 2008లో యునెస్కో జాబితాకెక్కిన ఆ దేశపు మొదటి వారసత్వ స్థలం అది. మాకు ఆ చోటు చూపించిన గైడు ఒక సౌదీ యువతి. నిఖాబ్‌లోంచి కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. కొన్ని సమాధులను రెండు వేల ఏళ్ళ కిందట స్త్రీలే తమకోసం, తమ కూతుళ్ళ కోసం చెక్కించుకున్నారని, ఆ సంగతి తలుపు మీది శాసనంలోనే ఉందని ఆమె వివరిస్తుంటే మా అమ్మాయి మెడ ఎత్తి చూస్తూ నిలబడిపోయింది. పొడవు కుర్తా వేసుకుంది కానీ తల కప్పుకోలేదు. చున్నీ భుజం మీద వేలాడుతోంది. గైడు చెప్పడం ఆపి మా అమ్మాయి వైపు చూసినప్పుడు నా గుండె ఒక్కసారి పాత బజారుకు వెళ్ళింది. ఆమె నావైపు తిరగలేదు. నేరుగా మా అమ్మాయితో, "నీ మెడ ఎర్రగా కమిలిపోయింది, ఈ ఎండ మంచిది కాదు, ఆ గుడ్డ కప్పుకో" అంది. మా అమ్మాయి ఆమెకు థాంక్స్ చెప్పి, చున్నీ విప్పి తల మీదుగా చుట్టుకుని, ఆ శాసనం ఏ పక్కనుంచి చదవాలని అడిగింది.