బొచ్చు మీద ఇచ్చే హామీలు

లాబ్రడార్‌కూ, ఉంగరాల బొచ్చు పూడుల్‌కూ పుట్టిన కుక్కపిల్లను (లాబ్రడూడుల్‌ను) ‘వెంట్రుక రాలదు, అలర్జీ రాదు’ అని చెప్పి అమ్మడం మొదలై మూడు దశాబ్దాలు దాటింది. ఆ మాటను నిలబెట్టే పిల్లలూ పుడతాయి, నిలబెట్టనివీ పుడతాయి. ఏ జత కడితే ఎలాంటి బొచ్చు వస్తుందో ముందే చాలావరకు చెప్పగల జన్యు పరీక్షలు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటి జోలికి పోకుండా నోటి మాటగా హామీ ఇచ్చేవారిని బ్రీడర్లని పిలవడానికి మాకు మనసొప్పదు.

1980ల చివర్లో ఆస్ట్రేలియాలో, అంధులకు తోడుగా ఉండే కుక్కలను తయారుచేసే సంస్థలో వాలీ కాన్రన్ ఈ సంకరం చేయించింది ఒక ప్రత్యేక అవసరం కోసం. హవాయిలో చూపులేని ఒక మహిళకు కుక్క కావాలి, ఆమె భర్తకేమో కుక్కలంటే అలర్జీ. పుట్టిన మూడు పిల్లల వెంట్రుకలు, లాలాజలం పంపి చూస్తే ఆయనకు పడింది ఒక్క పిల్లదే. ఒకే ఈతలో మూడింటికి ఒకటి! బజారు ఆ లెక్కను వదిలేసి లాబ్రడూడుల్ అన్న పేరును పట్టుకుంది. ఈ పని చేసినందుకు చింతిస్తున్నానని కాన్రనే 2019లో బాహాటంగా చెప్పారు.

బొచ్చు తీరును ప్రధానంగా నిర్ణయించేవి కొద్దిపాటి జన్యువులే. మూతి మీద మీసాలు, గడ్డం, కనుబొమల దగ్గర పొడవాటి వెంట్రుకలు తెచ్చేది ఆర్‌ఎస్‌పీఓ2. పొడవును ఎఫ్‌జీఎఫ్5, ఉంగరాలను కేఆర్‌టీ71 చూస్తాయి. రాలడంలో ఎంసీ5ఆర్‌కు వాటా ఉంది. పూడుల్ దగ్గర మీసాల జన్యువు సాధారణంగా (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) రెండు ప్రతులూ ఉంటాయి, లాబ్రడార్ దగ్గర ఒక్కటీ ఉండదు. కాబట్టి మొదటి తరం, అంటే ఎఫ్1 పిల్లలన్నిటికీ ఒక్కో ప్రతి అంది, గడ్డం వస్తుంది. బొచ్చు అలలుగా ఉంటుంది, ఎంతో కొంత రాలుతుంది. చిక్కంతా రెండు ఎఫ్1లను జత కట్టినప్పుడు. సగటున నాలుగింట ఒక పిల్లకు మీసాల జన్యువు అసలే అందదు. దాని మూతి నున్నగా ఉండి, బొచ్చు లాబ్రడార్‌లాగే రాలుతుంది. ఎఫ్1ను మళ్లీ పూడుల్‌తో కలిపితే (ఎఫ్1బి) ఆ బెడద లేదు, ఉంగరాలు మాత్రం ఎక్కువవుతాయి. పుట్టిన కొద్ది వారాలకే మూతి చూసి తేడా పట్టేయవచ్చు. అయినా ‘పెద్దయ్యాక మారుతుంది లెండి’ అని అంటగట్టేవారున్నారు. మారదు.

హెయిర్ (మామూలు వెంట్రుక), ఫ్లీస్ (మెత్తటి అలలు), ఊల్ (గొర్రెబొచ్చులాంటి దట్టమైన ఉంగరాలు) అని బొచ్చును మూడు రకాలుగా చెబుతారు. రాలని బొచ్చంటే పనిలేని బొచ్చని కొనేవారు పొరబడుతుంటారు. ఊడిన వెంట్రుక కింద పడదు, పక్క వెంట్రుకల్లోనే చిక్కుకుని ఉండ కడుతుంది. 8 నుంచి 12 నెలల వయసులో పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చేటప్పుడు ఈ బాధ మరీ ఎక్కువ. పైపైన బ్రష్ లాగితే నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగున చర్మాన్ని అంటుకుని అట్ట కడుతుంది. చేత్తో బొచ్చును పాయ తీసి, చర్మం కనబడేలా పట్టుకుని, సన్నని తీగ పళ్లుండే స్లికర్ బ్రష్‌తో వరుసలు వరుసలుగా దువ్వాలి. తర్వాత స్టీలు దువ్వెన మొదలు దాకా ఆగకుండా దిగాలి. చెవుల వెనక, చంకల్లో, పట్టీ కింద తప్పక చూడాలి. చిక్కు తీయకుండా స్నానం చేయిస్తే తడికి ముడి బిగుసుకుపోతుంది, ఇక గొరిగించడమే గతి.

ఇక అలర్జీ. దానికి ముఖ్య కారణమైన క్యాన్ ఎఫ్ 1 అనే ప్రోటీన్ లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉంటుంది. బొచ్చు రాలనంత మాత్రాన అది మాయం కాదు. అలర్జీ ఉన్నవారు బయానా ఇవ్వకముందే ఆ కుక్కతో ఒకటికి రెండుసార్లు గంటల తరబడి గడిపి చూసుకోవాలి.

బొచ్చు గొడవలో అసలు సంగతి మరుగున పడుతోంది. సంకరం కనుక ఆరోగ్యం బాగుంటుందన్న ప్రచారానికి పెద్దగా ఆధారం లేదు. బ్రిటన్‌లో 9,000కు పైగా కుక్కల మీద చేసి 2024లో వెలువరించిన అధ్యయనంలో, పూడుల్ సంకరాలకూ మాతృజాతులకూ జబ్బుల్లో చాలావరకు తేడా కనబడలేదు. కారణం తేలికే. తుంటి కీలు వదులు కావడం రెండు జాతుల్లోనూ ఉన్న రోగం. చూపును క్రమంగా తినేసే పీఆర్‌సీడీ అనే జన్యు లోపం లాబ్రడార్లలోనూ ఉంది, చిన్న పూడుల్‌లలోనూ ఉంది. రెండు వైపులా ఒకే లోపముంటే సంకరం చేసి ఒరిగేదేమీ లేదు. ఇలాంటి లోపం ఒక ప్రతి మోస్తున్న కుక్కను పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. లోపం లేనిదానితో జత కడితే ఏ పిల్లకూ ఆ జబ్బు రాదు. అలా ఒక ప్రతి మోస్తున్న రెండింటిని కలిపితేనే నాలుగింట ఒకదానికి ముప్పు.

తుంటికి జన్యు పరీక్ష చాలదు, ఎక్స్‌రే కావాలి. అమెరికాలో కుక్కల కీళ్లకు ధ్రువపత్రాలిచ్చే సంస్థ ఓఎఫ్‌ఏ తుది ధ్రువపత్రం 24 నెలలు నిండనిదే ఇవ్వదు. తుంటి వదులును ఎక్స్‌రేలో కొలిచే పెన్‌హిప్ పద్ధతిలో 16 వారాలకే చూడవచ్చు. రెండోసారి ఎదకు రాగానే, ఏ ఎక్స్‌రే లేకుండా జత కట్టించడమంటే గుడ్డిగా పందెం కాయడమే. అందులో ఓడేది కుక్క.

మచ్చల మెర్ల్ రంగును ‘అరుదైనది’ అని పైధరకు అమ్మేవారి సంగతి మరో దారుణం. రెండు మెర్ల్‌లను కలిపితే సగటున నాలుగింట ఒకటి ఆ రంగు జన్యువు రెండు ప్రతులతో పుడుతుంది, చెవుడు, గుడ్డితనం వచ్చే ముప్పు దానికి చాలా ఎక్కువ. పైగా లాబ్రడార్‌లో ఆ రంగు సహజంగా లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవారే చెప్పాలి.

అమ్మకం ప్రకటనలోనే తల్లిదండ్రుల తుంటి, మోచేయి, కంటి పరీక్షల ఫలితాలు, మీసాల జన్యువు ప్రతులు ఎన్నో ఉండాలని నియమం పెట్టాలి. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరు చేయకూడదు. ఏ వయసులోనైనా, ఏ కారణంతోనైనా కొన్నవారు వద్దనుకుంటే కుక్కను తిరిగి తీసుకుంటామన్న షరతు అమ్మేవారి సంతకంతో ఒప్పందంలో ఉండాలి.